మీ నాన్నను సూరత్ పంపే ముందు

క్యాంప్ 2, భిలాయి
మే నెలాఖరు, శుక్రవారం మధ్యాహ్నం

చిరంజీవి సురేశ్‌ను మనసారా దీవించి అమ్మ రాస్తున్న సంగతులు.

ఇక్కడ నేనూ మీ నాన్నా కులాసా. అక్కడ నువ్వు, కోడలు భాగ్యరేఖ, నా బంగారుకొండ అమ్ము కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఎండకు మాత్రం మా మీద దయ లేదు. కూలర్లో పోసిన నీళ్ళు పోసినట్టే హరించుకుపోతున్నాయి. మేడమీద వడియాలు పెడితే ఒక్క పూటలో గలగలమన్నాయి. ఎండ ఇంతవరకూ చేసిన ఉపకారం అదొక్కటే.

నీ ఉత్తరం అందింది. ఉద్యోగంలో ఇంత పెద్దవాడివయ్యావు, ఇప్పటికీ నీ ‘ళ’లు గోడకు జారబడ్డట్టే ఉంటాయి. అయినా సంతోషమే. హాస్టల్లో చేర్చిన రోజున నెలకో తెలుగు ఉత్తరం రాయాలని షరతు పెట్టాను. పెళ్ళయి బిడ్డ పుట్టినా ఆ షరతు తప్పలేదు నువ్వు. మన క్యాంపులో నీతోపాటు పెరిగినవాళ్ళలో తెలుగు రాయగలిగినవాడు మరొకడు ఉంటే చూపించు, కాళ్ళు కడిగి కాఫీ ఇస్తాను. నువ్వు అడిగినవాటికి జవాబులు రాస్తాను. వరస తప్పితే ఏమీ అనుకోకు, మాట్లాడినా అంతే కదా నేను.

అమ్మును తీసుకుని సెలవులకు వెళ్ళిన భీమిలిలో నిజంగా విశ్రాంతి తీసుకున్నామా, లేక అక్కడా ఇల్లు తుడుస్తూ కూర్చున్నానా అని అడిగావు. ఉన్న మాట చెప్తాను, మొదట్లో తుడిచాను. పొద్దున్నే తడిగుడ్డతో కిటికీ అంచు తుడిచి, ఇక్కడి ఉక్కు ప్లాంటు మసికి గుడ్డ ఎంత నల్లబడిందో చూడనిదే నాకు తెల్లవారదు. అక్కడ గుడ్డ తెల్లగానే ఉంటుంది. ఎక్కడో సరిగ్గా తుడవలేదని మళ్ళీ తుడిచాను. నువ్వు అద్దెకు మాట్లాడిన ఆ ఇంటావిడ నూకాలమ్మ గుమ్మంలో నిలబడి నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది.

“ఏటమ్మా, సెలవులకొచ్చి మా కిటికీలు అరగదీసేస్తన్నావు? ఇక్కడ దుమ్ము లేదు, ఇసకే. దాన్ని నువ్వు తుడవలేవు, నేను తుడవలేను. కూకో అలా,” అంది.

కూర్చున్నాను. కూర్చోవడం కూడా నేర్చుకోవాలని నాకు ఆ రోజే తెలిసింది. తెల్లవారితే స్కూలు, పిల్లల ముక్కులు తుడవడం, వచ్చాక వంట, మధ్యలో మీ నాన్న షిఫ్టులు. ఆ పరుగులో పడి నేను ఎన్నడూ మధ్యాహ్నం పూట వరండాలో కాళ్ళు చాపుకుని కూర్చోలేదు నాన్నా. అక్కడ కూర్చున్నాను. ఎదురుగా ఇళ్ళ సందులోంచి సముద్రం కనిపించేది. తాటిముంజలు తినడం, కానాగంత చేపల పులుసు తినడం, తిన్నాక నిద్రపోవడం, లేచి మళ్ళీ ఏం తిందామా అనుకోవడం. నీ పుణ్యమా అని రాణిలా ఉన్నాను. నువ్వూ కోడలూ కూడా ఉంటే ఇంకా బాగుండేది, సెలవు దొరకలేదని నువ్వు బాధపడకు. ఇంకోసారి వద్దువుగాని.

అమ్ము ఆటలు ఫోనులో కొన్ని చెప్పాను, కొన్ని మిగిలాయి. మొదటిరోజు అల వచ్చి మూతికి తగలగానే ఉమ్మేసి, “నానమ్మా, ఇస్‌మే నమక్ కిస్‌నే డాలా?” అని కోప్పడింది. ఉప్పెవరు వేశారంటే నేనేం చెప్పను? పక్కనే ఉన్న నూకాలమ్మకు హిందీ రాకపోయినా ‘నమక్’ అన్న ముక్క తెలుసు. “మా అత్తేసింది తల్లీ. కూరలోనూ అంతే, ఆవిడ చెయ్యి పెద్దది,” అంది. మీ అమ్మాయి అది నమ్మింది. వచ్చేదాకా ఆ అత్తగారు ఎక్కడుంటారని వెతుకుతూనే ఉంది. చచ్చిపోయిందంటే బెంగపెట్టుకుంటుందని ఊరెళ్ళిందని చెప్పాం.

తిరుగు రైల్లో ఎండు నెత్తళ్ళ చేపలు తెచ్చాను, నీ భాగం డబ్బాలో పెట్టి ఉంచాను. కవరు మీద కవరు చుట్టి, పైన తువ్వాలు కట్టి సీటు కింద దాచాను. రాయగడ దాటాక ఆ వాసన దాచినా దాగలేదు. ఎదురు సీట్లో రాయ్‌పూర్ ఆవిడ ముక్కుకు చెంగు అడ్డం పెట్టుకుని ఏమిటీ కుళ్ళు వాసన అంది. నాకేం తోచిందో, మీ నాన్నకేసి చూపించి “ఇన్‌కే మోజే” అని, వాసన ఆయన మేజోళ్ళదని అనేశాను. ఆయన ఆవిడకేసి చూసి, మర్యాదగా నవ్వి, అవునన్నట్టు తలూపారు. ఆవిడ కాళ్ళు పైకి ముడుచుకుని కూర్చుంది. కోడలికి ఇది చెప్పు, నవ్వుకుంటుంది. తర్వాత దీని సంగతే మళ్ళీ రాయవలసి ఉంది.

ఇక నువ్వు అడిగిన అసలు మాట. “నాన్న నాతో ఫోనులో రెండు ముక్కలు కూడా మాట్లాడడం లేదు. బాగున్నావా, సరే, మీ అమ్మకిస్తున్నా అని ఇచ్చేస్తున్నారు. ప్లాంటు ఉద్యోగం పరీక్ష రాయకుండా సూరత్ వచ్చేశానన్న కోపం ఆయనకు ఇంకా పోలేదా అమ్మా?” అని రాశావు. ఆ వాక్యం దగ్గర నీ అక్షరాలు చిన్నవైపోయాయి. లేదు బాబూ. ఆయనకు నీ మీద ఏ కోపమూ లేదు. నీ ఫొటో ఉన్న ఫోను తీసుకెళ్ళి బడ్డీకొట్టు దగ్గర అందరికీ చూపించి వస్తారు. మరి ఎందుకు మాట్లాడరంటే, దానికి కాస్త వెనక నుంచి చెప్పాలి. నీళ్ళు తాగి వచ్చి రాస్తాను.

మన ఇంట్లో మాటలకంటే సైగలెక్కువని నీకు తెలుసు. మిల్లులో పైన క్రేను నడిపేవాడికి కింద నుంచి అరిస్తే వినపడదు, అంతా చేతులతోనే చెప్పాలి. మీ నాన్న జీవితమంతా అదే పని. వేలు పైకి తిప్పితే ఎత్తమని, కిందికి తిప్పితే దించమని, అరచెయ్యి అడ్డంగా ఊపితే ఆపమని. అదే ఇంటికీ వచ్చేసింది. అన్నం చాలంటే అరచెయ్యి. టీ పెట్టమంటే వేలు పైకి. నువ్వు అల్లరి చేస్తే కిందికి వేలు, కూర్చోమని. నీ స్నేహితులు వచ్చి నవ్వుకునేవారు. నేనూ వంటింట్లోంచి గరిటెతోనే జవాబు చెప్పేదాన్ని. మాట ఖర్చు లేని సంసారమని పక్కింటి దీదీ వేళాకోళం చేసేది. ఆ తమాషాలో పడి, ఆయన సైగలు ఎప్పుడు అలవాటు కాకుండా పోయి అవసరంగా మారాయో నేను గమనించలేదు. నీకూ తెలియలేదు. మరో ఇంట్లో అయితే ఇట్టే కనిపెట్టేవాళ్ళు.

ఇంకోటి చెప్తే నవ్వకు. ఈ మధ్య నేను మాట్లాడుతుంటే ఆయన నా మొహమే చూస్తూ కూర్చుంటున్నారు. కళ్ళు తిప్పరు. ఈ వయసులో ఇదేం ప్రేమరా భగవంతుడా అనుకుని, సిగ్గుపడి, ఒకరోజు కొత్త చీర కూడా కట్టాను. ఆయన చూసేది నా పెదవులనని నాకేం తెలుసు?

అమ్ము కాలికి ఆల్చిప్ప గుచ్చుకుందని నీకు ఫోనులో చెప్పాను. గుచ్చుకున్న మాట నిజం, నేను చెప్పింది సగం. మిగతా సగం ఇప్పుడు చదువు.

ఆ రోజు ఎండ ముదరకముందే తాతా మనవరాలూ ఒడ్డుకు వెళ్ళారు. గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట మెత్తటి ఇసుక ఉంటుంది, అక్కడ. నేనూ నూకాలమ్మా టిఫిను పట్టుకుని గట్టు మీదుగా వస్తున్నాం. దూరం నుంచే అమ్ము ఏడుపు వినిపించింది. “తాతా! తాతా!” అని గొంతు చించుకుంటోంది. చూస్తే మీ నాన్న ఇటు తిరిగి కూర్చుని, దానికోసం ఇసుకతో రైలు పట్టాలు కడుతున్నారు, ఎంతో శ్రద్ధగా. ఆయన వీపు వెనక, నాలుగు బారల దూరంలో, పిల్ల నీళ్ళలో చతికిలబడి ఉంది. కాలు నేల మీద ఆన్చలేక లేవలేకపోతోంది. అల వచ్చినప్పుడల్లా నడుం దాకా మునుగుతోంది. అంత చేటు పిలుస్తుంటే ఆయన తల కూడా తిప్పలేదు. ఇసుకను చేత్తో చరుచుకుంటూ, చిన్నగా నవ్వుకుంటూ ఉన్నారు.

నూకాలమ్మే ముందు పరిగెత్తింది. చీర తడుస్తున్నా చూసుకోకుండా దాన్ని ఎత్తి చంకనేసుకుంది. అరికాలు కోసుకుని నెత్తురు కారుతోంది. నేను తిన్నగా ఆయన మీదికి వెళ్ళాను.

“ఏటండీ, చెవుడా మీకు? పిల్ల గోల పెట్టేస్తంటే బొమ్మలా కూకున్నారు!” అని అరిచాను. వలలు బాగుచేసుకుంటున్నవాళ్ళు అందరూ ఇటు తిరిగారు.

ఆయన నా మొహం చూశారు. నా పెదవులు చూశారు. తర్వాత వెనక్కి తిరిగి, నూకాలమ్మ చంకలో ఏడుస్తున్న అమ్మును, దాని కాలినీ చూశారు. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. పరుగున వెళ్ళి పిల్లను తీసుకుని ఇల్లు చేరేదాకా దించలేదు.

కట్టు కట్టించాం, సూది మందు వేయించాం. గాయం పెద్దది కాదు, ఆ మాట అబద్ధం కాదు. మధ్యాహ్నం అమ్ము నిద్రపోయింది. ఆయన వరండా మెట్టు మీద కూర్చున్నారు. నేను వెనక నిలబడి మామూలు గొంతుతో “టీ తాగుతారా?” అన్నాను. పలకలేదు. ఇంకొంచెం గట్టిగా అన్నాను. పలకలేదు. ఎదురుగా వెళ్ళి నిలబడి, గొంతు తగ్గించి అన్నాను. “పెట్టు,” అన్నారు.

నేను టీ పెట్టలేదు. పక్కన కూర్చున్నాను.

“ఎప్పట్నించండీ?”

“ఏటి ఎప్పట్నించి?”

“నా దగ్గర నాటకాలాడకండి.”

కాలి బొటనవేలితో ఇసుకలో ఒక గీత గీశారు. తర్వాత చెప్పారు. “రెండేళ్ళు దాటిపోనాది. ముందు ఫోను గంట పోయింది. పిచికలు పోనాయి. మన భిలాయిలో పిచికలు తగ్గిపోయాయేమో అనుకున్నాను గౌరీ, నిజంగా. తర్వాత ఆడోళ్ళ మాటలు పల్చబడిపోయాయి. మగోళ్ళవి కొంచెం వినబడతాయి. నువ్వరిస్తే నీది వినబడతాది. నువ్వు పంతులమ్మవి, గోడలు కూడా వింటాయి.”

ఆ పరిస్థితిలో కూడా ఆయనకు వేళాకోళమే.

“మరి సముద్రం దగ్గర రోజల్లా కళ్ళు మూసుకుని కూర్చుంటారు?”

“అది మొత్తం వినబడతాది. లావు గొంతు కదా. నాకు అప్పట్లాగే వినబడేది అదొక్కటే, అందుకు కూకుంటాను,” అన్నారు.

మిల్లులో చెవులకు పెట్టుకోమని బిరడాలు ఇచ్చేవారట. పెట్టుకుంటే క్రేను గంట వినపడదని జేబులో వేసుకునేవారట. అవి ఇంటికి తెస్తే నువ్వు గోళీలాడేవాడివి, నాకు బాగా గుర్తు. ఏడాదికోసారి చెవుల పరీక్షలో ఎదుటివాళ్ళ చెయ్యి కదలడం కనిపెట్టి, వినపడినట్టే బొత్తాం నొక్కేసేవారట. చేతులు చూసి బతికిన మనిషి కదా, ఆయన్ను ఎవరు పట్టుకోగలరు? రిటైరయ్యేలోపల తెలిస్తే ఆ పని నుంచి తీసేసి ఎక్కడో కుర్చీలో కూర్చోబెడతారని ఆయన భయం.

ఫోను సంగతి కూడా అప్పుడే చెప్పారు. “ఫోన్లో ఆడి మూతి కనబడదు. ఏటంటన్నాడో తెల్దు. నేను తప్పు జవాబు చెప్తే ఆడికి తెలిసిపోతాది. అందుకని బాగున్నావా అనీసి నీకిచ్చెస్తాను. వీడియోలో చూద్దామంటే ఆ గెడ్డమొకటి పెంచాడు, మూతి ఎక్కడుందో దేవుడికి తెలియాలి,” అన్నారు. అదీ నాన్నా, ఆయన కోపం. నువ్వు ఇన్నాళ్ళూ దేనికి కుమిలిపోయావో చూడు. ఆ గడ్డం తీసెయ్యి ముందు.

నేను ఇంకో మాట అడిగాను. అడక్కుండా ఉంటే బాగుండేది.

“మరి అమ్ము మాట?”

ఆయన తల దించుకున్నారు. “మూతి కదుల్తాది. నవ్వుతాది. చేతులు తిప్పుతూ ఏదో చెప్తాది. నేనూ నవ్వుతాను. దాని గొంతు ఎలాగుంటాదో నాకు తెల్దు గౌరీ. దానికి మాటలొచ్చాక ఒక్కసారీ వినలేదు. సురేశ్ చిన్నప్పటి గొంతులాగుంటాదా?” అన్నారు.

అవునన్నాను. నేను బడిలో ఎందరో పిల్లల ఏడుపు చూసినదాన్ని, ఆయన ముందు ఏడవకూడదని పళ్ళు బిగబట్టాను. అమ్ముకు మాత్రం ఇదంతా ఆటే. తాత ఆటలో ఉంటే పలకడు, ముందుకెళ్ళి గంతులేస్తే పలుకుతాడు అని నాకు చెప్పింది. అందుకే ఆ రోజు నీళ్ళలో పడి అంత గట్టిగా ఏడ్చింది. ముందుకు వెళ్ళలేకపోయింది కదా.

రైల్లో ఆ ఎండు నెత్తళ్ళ నింద మోసి తలూపింది కూడా ఇందుకే. అప్పటికి నాకు తెలుసు. తెలిసీ నోరు జారాను. ఆ నవ్వు చూసి నాకు నవ్వు ఆగలేదు, మరుక్షణం కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను. ఆయనకు సంగతి చెప్పి తిట్లు తిన్నాక గాని మనసు కుదుటపడలేదు.

ఆ వరండాలోనే ఆయన నా చెయ్యి పట్టుకుని ఒట్టు వేయించుకున్నారు. “ఆడికి చెప్పకు. చెప్తే నన్ను సూరత్ రానివ్వడు. అమ్మును నాకు అప్పగించడు. చెప్పనని అమ్ము మీద ఒట్టెయ్యి,” అన్నారు. నిద్రపోతున్న పిల్లను చూసి, ఆయన్ను చూసి, వేశాను. అప్పుడు కాదనే గుండె నాకు లేదు.

అందుకే ఫోనులో సగమే చెప్పాను. కోడలు అమ్మును తీసుకెళ్ళడానికి ఇక్కడికి వచ్చినప్పుడు కూడా నోరు కుట్టేసుకున్నాను. అది నన్నెంత నమ్మి, “అత్తయ్యా, మామయ్యగారు వస్తే నేను నిశ్చింతగా కొత్త ఉద్యోగానికి వెళ్తాను,” అని కాళ్ళకు దండం పెట్టిందో నీకు తెలియదు. ఆ పూట నాకు అన్నం సహించలేదు.

ఇక నీ ఆఖరి ప్రశ్న, జూన్‌లో నాన్నను పంపుతావా అని. స్కూలు తెరుస్తారు గనక నేను రాలేను, రిటైరైన మనిషి గనక ఆయన ఒక్కరే రావాలి. పెద్ద రోడ్డు మీద స్కూలు బస్సు దిగిన అమ్మును రోడ్డు దాటించి ఇంటికి తేవాలి, మీరిద్దరూ వచ్చేదాకా చూసుకోవాలి. ఆయన ఎంత ముచ్చటపడుతున్నారో నేను రాయలేను. ఎండలో అమ్ముకు పట్టడానికి కొత్త గొడుగు కొన్నారు. “చెయ్యి పట్టుకుంటాను, ఒగ్గను. చెయ్యి పట్టుకోడానికి చెవులెందుకు?” అని నాకు నచ్చజెప్పారు. నేనూ నచ్చజెప్పుకున్నాను. భీమిలి నుంచి వచ్చాక ఒకరోజు మన గల్లీలో కూరలు కొనుక్కుని వస్తున్నాం. ఆయన ముందు నడుస్తున్నారు. వెనక నుంచి ఆటో హారను కొట్టుకుంటూ వచ్చింది. అందరూ పక్కకు తప్పుకున్నారు. ఆయన నడిమధ్యలో దర్జాగా నడుస్తూనే ఉన్నారు. ఆటోవాడు గోడకు రాసుకుంటూ పక్క నుంచి పోతూ, “సున్తే నహీ క్యా, చాచా!” అని, వినపడదా అంటూ తిట్టాడు. ఆయన వాడికి చెయ్యి ఊపారు, పలకరించాడనుకుని.

ఆ చేతిలో కూరల సంచీ కాక అమ్ము చెయ్యి ఉంటే అన్న ఆలోచన వచ్చింది నాకు. ఆ రోజు నుంచి అది వదలలేదు. అందుకే ఒట్టు తీసి గట్టున పెట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఒట్టు తప్పిన పాపం ఏమైనా ఉంటే నాకు తగలాలి గాని పిల్లకు తగలకూడదని దేవుడి గూటి ముందు విడిగా చెప్పుకున్నాను. ఫోనులో చెప్పలేను. ఆయన ఎదురుగా కూర్చుని నా పెదవులే చూస్తుంటారు.

నా మాట సూటిగా విను. చెవికి వినికిడి మిషను పెట్టించకుండా ఆయనకు అమ్మును ఒంటరిగా అప్పగించకు. ఇది ఆయన భార్యగా రాయడం లేదు, అమ్ము నానమ్మగా రాస్తున్నాను. మిషను పెట్టించుకోమంటే నా మీద కస్సుమంటున్నారు, చెవిలో చీమంత యంత్రం పెట్టుకుని తిరగాలా అని. నా మాట వినరు. నువ్వు చెప్తే వింటారు, నువ్వంటే ఆయనకు లోపల ఎంత గౌరవమో నాకు తెలుసు. నాలుగు రోజులు సెలవు పెట్టి రా. మంచి డాక్టరు దగ్గరికి నువ్వే తీసుకెళ్ళు. మిషను పెట్టాక కొన్నాళ్ళు చూసి, అప్పుడు పంపాలో వద్దో నువ్వూ కోడలూ ఆలోచించుకోండి. ఈలోపల అమ్ము కోసం ఎవరినైనా చూసుకోండి, కోడలి ఉద్యోగం మాత్రం మానిపించకు. ఒకవేళ వద్దనే అనుకుంటే, ఆ మాట ఫోనులో చెప్పకు, కబురు పంపకు, నా చేత చెప్పించకు. వచ్చి ఆయన ఎదురుగా కూర్చుని, నెమ్మదిగా, నీ నోటితో చెప్పు. అర్థం చేసుకుంటారు.

ఇక్కడిదాకా రాసేసరికి మీ నాన్న వచ్చారు. పొద్దున్నే సూరత్ టికెట్టు తీసుకొస్తానని దుర్గ్ స్టేషనుకు వెళ్ళారు. ఫోనులో బుక్ చేద్దామంటే ఒప్పుకోలేదు, కాగితం టికెట్టు చేతిలో ఉంటేనే ప్రయాణమట. నేనూ ఆపలేదు, ఆయన లేని వేళ చూసుకుని రాద్దామని. సంచీ మేకుకు తగిలించి, కూలరు ముందు కూర్చుని చొక్కా గుండీలు విప్పుకున్నారు.

“దొరికిందా?” అన్నాను ఎదురుగా వెళ్ళి.

“లేదు.”

“సీట్లు లేవా?”

“ఉన్నాయో లేవో తెల్దు. అద్దం వెనకాల అమ్మాయి కూకుంది. మూతికి మైకు అడ్డం. ఏదో అడిగింది. మళ్ళీ అడిగింది. నేను సూరత్ అన్నాను. అది కాదు, ఇంకేదో అడిగింది. వెనకోళ్ళు అరిచేరు. ఒక కుర్రోడు భుజం తట్టి, బాబూజీ, ఏ రోజుకని అడుగుతోంది అని నా మొహం మీదికొచ్చి చెప్పాడు. మంచోడే పాపం. అప్పటికే నాకు ఒళ్ళంతా చెమట పట్టేసింది. రోజు గుర్తు రాలేదు గౌరీ. పక్కకొచ్చీసాను.”

మజ్జిగ ఇచ్చాను. తాగుతూ బల్ల మీద కాగితాలు చూశారు. నేను చెయ్యి అడ్డం పెట్టాను.

“సురేశ్‌కేనా? దాయకు,” అన్నారు. “రాసీ. అంతా రాసీ. నేను చెప్పలేను, నువ్వే రాసీ. పిల్లకేటైనా అయితే నేను బతకలేను.”

లోపలికి వెళ్ళి కాళ్ళు కడుక్కున్నారు. చల్లబడ్డారనుకున్నాను. తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ మళ్ళీ వచ్చి నా ముందు నిలబడ్డారు.

“ఒక్కటి రాయొద్దు. దాని గొంతు నాకు వినబడదని మాత్రం రాయకు. అది అమ్ముకు తెలిస్తే, తాతకెలాగూ వినబడదు కదాని నాతో మాట్లాడ్డం మానేస్తాది.”

ఆ మాట నేను పైన రాసేశాను బాబూ. కొట్టెయ్యాలని కలం పెట్టాను, చెయ్యి రాలేదు. నువ్వు చదివావు, నీ దగ్గరే ఉంచుకో. అమ్మును మాత్రం తాతతో మాట్లాడనీ, ఎంతసేపైనా.

ఇట్లు,
మీ నాన్నకిచ్చిన ఒట్టు నీకోసం తప్పిన
నీ అమ్మ
గౌరీదేవి